పటంతో పాటు కథకులనూ పిలవండి: చిత్రకళా ప్రదర్శనల నిర్వాహకులకు బహిరంగ లేఖ

హైదరాబాదులో సాంస్కృతిక స్మృతి, అస్తిత్వం అనే అంశాల మీద సామూహిక ప్రదర్శనలు ఏర్పాటు చేస్తున్న గ్యాలరీల నిర్వాహకులకు, చిత్రాలను ఎంపిక చేసే క్యూరేటర్లకు, ఆ ప్రదర్శనల్లో పాల్గొనే చిత్రకారులకు నమస్కారం.

నేను జనగామ ప్రాంతంలోని ఒక పద్మశాలి కుటుంబంలో పుట్టాను. ముప్పై ఏళ్లకు పైగా ప్రభుత్వ ఉన్నత పాఠశాలల్లో డ్రాయింగు మాస్టరుగా పనిచేసి ఉద్యోగ విరమణ చేశాను. మీరు పెట్టే ప్రదర్శనలకు వీలు చిక్కినప్పుడల్లా బస్సెక్కి వస్తాను. పదిమంది చిత్రకారులు తమ ఊరినీ, ఇంటి భాషనూ, చేతులు మరిచిపోతున్న పనిముట్లనూ ఒకే కప్పు కింద చూపించే ప్రయత్నం ఎంత కష్టమో కొంతవరకు తెలిసినవాణ్ణి కనుక ఆ ప్రయత్నం పట్ల నాకు గౌరవమే ఉంది. అయితే ఇలాంటి ప్రదర్శనల్లో తరచుగా కనిపించే, కథను వరుస బొమ్మలుగా గీసిన పొడవాటి గుడ్డచుట్ట అయిన చేర్యాల పటం గురించి మాత్రం మీతో వివరంగా మాట్లాడవలసి ఉంది.

ఆ మధ్య నగరంలోని ఒక గ్యాలరీలో పాత పటం ఒకటి చూశాను. అక్కడి గోడ ఎత్తు పన్నెండు అడుగులకు మించదు, పటం పొడవేమో ముప్పై అడుగులకు తక్కువ ఉండదు. అందువల్ల పైభాగాన్నీ కిందిభాగాన్నీ రెండు చుట్టలుగా బిగించి, నడుమ ఉన్న నాలుగైదు వరుసలను మాత్రమే తెరిచి పెట్టారు. పక్కన ఇంగ్లీషులో చిన్న చీటీ: జానపద పటం, తెలంగాణ, చిత్రకారుడు తెలియదు. ఎర్రటి నేల మీద పెద్దపులినెక్కిన ఒక వీరుడు, ఆయనకు ఎదురుగా కోరలతో ఒక రాక్షసుడు. నాకు ఆ చీటీతో పని లేకపోయింది. ఆయన మా పద్మశాలీల మూలపురుషుడు భావనారుషి, ఆ రాక్షసుడు కాలవాసురుడు. నా పక్కనే నిలబడిన ఒక పిల్లవాడు పులి మీద ఉన్నది ఎవరని తల్లిని అడిగాడు. ఆమె చీటీ చదివి, ఎవరో పల్లెటూరి దేవుడు నాన్నా అని చెప్పి పక్క బొమ్మ దగ్గరికి నడిచింది. ఆమెను తప్పు పట్టలేను. జ్ఞాపకం పేరిట ఏర్పాటైన ఆ గదిలో ఆ జ్ఞాపకాన్ని చెప్పగలిగిన మనిషి ఒక్కరూ లేరు, మొదటి బొమ్మ అయిన వినాయకుడు పైచుట్ట లోపలే ఉండిపోయాడు.

మా వాడలో పటం కథ జరిగిన రాత్రులు నాకు బాగా గుర్తు. మా కులానికి పటం కథ చెప్పే కూనపులి వాళ్లు ఊరికి వచ్చారంటే కులపెద్దలు మగ్గానికి ఇంత అని లెక్కగట్టి బియ్యం, డబ్బు, బట్ట పోగు చేసేవారు. భోజనాలు అయ్యాక వాడ నడుమ రెండు గుంజలు పాతి, వాటి మీద కట్టిన అడ్డవాసానికి పటాన్ని వేలాడదీసేవారు. గ్యాసులైటు వెలుగులో ఒకాయన బెత్తంతో బొమ్మను చూపుతూ వచనం చెబుతుంటే మిగిలినవాళ్లు తాళం, మద్దెల, హార్మోనియంతో వంత పాడేవారు. ఒక వరుస కథ పూర్తయ్యాకే తర్వాతి వరుసను విప్పేవారు కాబట్టి, రాబోయే బొమ్మ ఏమిటో తెలిసిన పెద్దవాళ్లు కూడా దాని కోసం మెడలు సాచి చూసేవారు. మార్కండేయుడి యాగం, అగ్నిగుండంలోంచి భావనారుషి పుట్టుక, విష్ణుమూర్తి నాభికమలపు తూడు నుంచి తీసిన నూలు, దేవతలకు నేసిన మొదటి వస్త్రం, సూర్యుడి బిడ్డ భద్రావతితో పెళ్లి, ఇవన్నీ నేను పుస్తకంలో చదవలేదు, ఆ ఎర్రటి గుడ్డ మీద చూస్తూ విన్నాను. మా కులానికి నూటొక్క గోత్రాలని చెప్పుకుంటాం. కథలో గోత్రాలు చదివే ఘట్టం వచ్చినప్పుడు మగ్గం గుంటలో నడుములు వంగిపోయిన ముసలివాళ్లు తమ పేరు కోసం చెవులు రిక్కించి కూర్చునేవారు. మా తాత తన గోత్రం వినబడగానే తువ్వాల తీసి దులిపి మళ్లీ భుజాన వేసుకునేవాడు. నూలు బాకీ కోసం షావుకారు ముందు చేతులు కట్టుకుని నిలబడే మా తాత అలా నిటారుగా కూర్చోవడం నేను మరెప్పుడూ చూడలేదు.

ఆ పటం చేసే పద్ధతిని కూడా మీ సందర్శకులు తెలుసుకోవాలి. చేర్యాల ఇప్పుడు సిద్దిపేట జిల్లాలో ఉంది, నా చిన్నప్పుడు వరంగల్లు జిల్లా కింద ఉండేది. అక్కడ పటాలు గీసే నకాషీల ఇళ్లకు మా బడి పిల్లలను తీసుకెళ్లి చూపించేవాణ్ణి. మగ్గం మీద నేసిన నూలుగుడ్డకు బియ్యపు గంజి, సుద్దమట్టి, జిగురు, ఉడికించి రుబ్బిన చింతగింజల ముద్ద కలిపి పూత పూస్తారు. ఒక పూత బాగా ఎండాకే మరో పూత, అలా మూడు పూతలు పడితే గానీ గుడ్డ బొమ్మకు సిద్ధం కాదు. మరీ పలచగా పూస్తే రంగు గుడ్డలోకి ఇంకిపోతుంది, మరీ మందంగా పూస్తే పటం చుట్టినప్పుడల్లా పగుళ్లు వస్తాయి. ఏళ్ల తరబడి ప్రతి రాత్రీ చుట్టి విప్పే గుడ్డకు సరిపడే పూత అది, గోడకు కదలకుండా ఉండే బొమ్మకు అంత శ్రమ అక్కర్లేదు. నేలకు ఎరుపు ఇంగిలీకం అనే ఖనిజం నుంచి, తెలుపు శంఖం పొడి నుంచి, నలుపు దీపపు మసి నుంచి వచ్చేవి, సన్నని గీతలకు ఉడుత తోక వెంట్రుకల కుంచె వాడేవారు. ఇప్పుడు దుకాణపు రంగులూ వాడుతున్నారు. పెద్ద పటాలు కొనేవారు తగ్గిపోవడంతో ధనాలకోట ఇంటిపేరు గల కుటుంబం, మరికొద్దిమంది చిన్న చట్రాల బొమ్మలు, కొబ్బరి చిప్పల ముఖాలు చేస్తూ ఈ పనిని నిలబెట్టారు. చేర్యాల పటాలకు భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) కూడా వచ్చింది. ఆ గుర్తింపు నకాషీల పనికి రక్షణ ఇచ్చింది, మంచిదే. అయితే అదే పటాన్ని భుజాన వేసుకుని ఊరూరా తిరిగినవాళ్లకు ఏ రక్షణా దొరకలేదు.

మీ ప్రదర్శన పత్రాల్లో అస్తిత్వం అనే మాట పదేపదే కనిపిస్తుంది. ఈ పటాల విషయంలో ఆ మాటకు నిర్దిష్టమైన అర్థం ఉంది. పటం అందరిదీ కాదు, ప్రతి పటమూ ఒక కులం తనదిగా చెప్పుకునే కథ, దాన్ని చెప్పే హక్కు ఆ కులాన్ని ఆశ్రయించి బతికే మరో కులానిది. పద్మశాలీలకు మార్కండేయ పురాణం చెప్పేది కూనపులి వాళ్లు, గౌడులకు గౌడపురాణం చెప్పేది గౌడజెట్టి వాళ్లు, ముదిరాజులకు పాండవుల కథ చెప్పేది కాకిపడగల వాళ్లు, రజకులకు మడేలు పురాణం చెప్పేది పటం వాళ్లు. గొల్లలకు కాటమరాజు కథ చెప్పే మందెచ్చుల వాళ్లు నకాషీలు చేసిన కొయ్యబొమ్మలను వరుసగా నిలబెట్టి కథ నడిపిస్తారు. ఏ కుటుంబం ఏయే ఊళ్లకు వెళ్లాలో ముందే పంచుకున్న హక్కును మిరాశి అంటారు, కథ చెప్పినందుకు పుచ్చుకునేదాన్ని త్యాగం అంటారు. ఈ మాటలు వాళ్లకు ప్రాణంతో సమానం, ఎందుకంటే వాళ్లు అడుక్కోవడానికి రాలేదనీ, తమకు రావలసినది తీసుకోవడానికి వచ్చారనీ ఆ మాటలే చెబుతాయి.

వీటన్నింటిలో నన్ను ఎక్కువగా కదిలించేది డక్కలివారి జాంబపురాణం. వాళ్లు మాదిగల ఆశ్రితులు. భూమి పుట్టకముందే జాంబవంతుడు పుట్టాడని ఆ కథ మొదలవుతుంది. ఊరి చివర ఉంచిన మనుషులు, సృష్టిలో అందరికంటే ముందు తమ మూలపురుషుడే ఉన్నాడని బొమ్మలు చూపి, పాట పాడి, తరం తర్వాత తరానికి చెప్పుకున్నారంటే అస్తిత్వానికి అంతకన్నా బలమైన వాదన ఏముంటుంది? ఇదే డక్కలివారిని మాదిగవాడలో సైతం ఇళ్లలోకి రానివ్వని ఆచారం ఉండేది. ఆ బాధ కూడా ఈ జ్ఞాపకంలో భాగమే కనుక దాన్ని తీపి చేసి చూపించకండి. పన్నెండు మెట్ల కిన్నెర వాయించే దర్శనం మొగులయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చినప్పుడు చాలామంది డక్కలి అనే పేరును మొదటిసారి విన్నారు. ఒక మనిషికి గౌరవం దక్కితే గానీ మొత్తం ఒక కులం పేరు మనకు తెలియలేదంటే, దానికి మన చదువులూ మన గ్యాలరీలూ కొంత జవాబు చెప్పవలసి ఉంటుంది.

అందుకే ఆ చీటీ మీద జానపదం అనే ఒక్క మాట చూసి నాకు అంత బాధ కలిగింది. ఆ మాట వినడానికి మర్యాదగానే ఉంటుంది గానీ, ఎవరు గీశారు, ఎవరు పాడారు, ఎవరి గురించి పాడారు అనే మూడు ప్రశ్నలనూ ఒకేసారి మూసేస్తుంది. చీటీ మీద కులం పేరు రాయడానికి కొందరు నిర్వాహకులు జంకుతారని నాకు తెలుసు. కులాన్ని ప్రదర్శనకు పెట్టినట్టు అవుతుందేమో అన్న వారి సంకోచం మంచి మనసు నుంచి వచ్చినదే కావచ్చు. కానీ జాంబపురాణం పటం పక్కన మాదిగ, డక్కలి అనే పేర్లు లేకపోతే ఆ పటం చెప్పేది ఏమీ మిగలదు. ఆ పేర్లను ఎవరు ఎలా రాయించుకోవాలనుకుంటున్నారో వాళ్లనే అడిగి రాయండి. ఆ రాత తెలుగులో, పెద్ద అక్షరాల్లో ఉండాలి, ఇంగ్లీషు దాని కింద ఉండవచ్చు. పాత పటానికి చిత్రకారుడి పేరు నిజంగానే దొరకకపోతే, అది ఏ ఊరి నుంచి వచ్చింది, ఎవరి చేతి మీదుగా మీ దగ్గరికి చేరింది అన్నదైనా తెలిసినంత మేరకు చెప్పండి. వరుసవారీగా కథను విడమరిచే ఒక పలకను పక్కన ఉంచితే, ఆ రోజు పిల్లవాడు అడిగిన ప్రశ్నకు తల్లి దగ్గర జవాబు ఉండేది.

ఇక కథకుల సంగతి. ప్రారంభోత్సవం రోజున డప్పులూ కొమ్ములూ వాయించేవాళ్లను గుమ్మం దగ్గర నిలబెట్టి, అతిథులు లోపలికి వెళ్లగానే వాళ్లను పంపించివేసే అలవాటు చాలా చోట్ల ఉంది. పటం కథకులను దయచేసి ఆ పనికి పిలవకండి. వాళ్లు మీ ప్రదర్శనలో పాల్గొనే కళాకారులు. కాన్వాసు మీద నూనెరంగులతో వేసిన చిత్రకారుడి పేరు మీ పుస్తకంలో ఏ పేజీలో ఉంటుందో వాళ్ల పేర్లు కూడా అక్కడే ఉండాలి, పారితోషికం కూడా ముందే మాట్లాడుకుని ఇవ్వాలి. ఏ ఘట్టం చెప్పాలో వాళ్లు నిర్ణయించాలి. పది నిమిషాల్లో ముగించమని అడగడం అన్యాయం, ఎందుకంటే ఆ కథ కొన్ని రాత్రుల పాటు సాగేలా కట్టినది. గ్యాలరీలు సాయంత్రానికే మూసేస్తాయి, పటం కథ ఆ తర్వాతే మొదలవుతుంది. కనీసం మూడు రాత్రులు తలుపులు తెరిచి ఉంచండి, లోపల ఎత్తు చాలకపోతే ఆవరణలో చెట్టు కింద రెండు గుంజలు పాతించండి. ఈ బృందాలు ఎక్కడ ఉన్నాయో తెలుసుకోవడం కష్టమేమీ కాదు. వరంగల్లులో తెలుగు విశ్వవిద్యాలయపు జానపద గిరిజన విజ్ఞాన పీఠం ఉంది, ఆశ్రిత కులాల కథల మీద పులికొండ సుబ్బాచారి వంటి పండితులు చేసిన పని ఉంది, ఆచార్య జయధీర్ తిరుమలరావు ఏళ్ల తరబడి పల్లెలు తిరిగి సేకరించిన వస్తువులు ఉన్నాయి. వారిని అడిగితే దారి చూపుతారు.

ప్రదర్శనల్లో పాల్గొనే యువ చిత్రకారులతో కూడా ఒక మాట. మీలో కొందరు నకాషీల ఎర్రటి నేలనూ, పక్కకు తిరిగిన ముఖంలోని పెద్ద కన్నునూ మీ కాన్వాసుల మీదికి తెచ్చుకుంటున్నారు. దానికి నాకు ఏ అభ్యంతరమూ లేదు. సిద్దిపేటలో డ్రాయింగు మాస్టరుగా బతికిన కాపు రాజయ్య గారు నకాషీ పద్ధతి నుంచి నేర్చుకుని, బోనాలనూ బతుకమ్మనూ తనదైన రీతిలో వేసి మా తరం బడిపంతుళ్లకు ధైర్యం ఇచ్చారు. చేర్యాల ఆయన ఊరికి మరీ దూరం కాదు, నకాషీల పనిని ఆయన దగ్గరగా చూసి నేర్చుకున్నారు. అంతర్జాలంలో దొరికిన నాలుగు బొమ్మలు చూసి ఆ గీతను ఎత్తి తెచ్చుకోవడానికీ, నకాషీ ఇంటి అరుగు మీద నాలుగు రోజులు కూర్చుని నేర్చుకోవడానికీ చాలా తేడా ఉంది. ఎవరి దగ్గర నేర్చుకున్నారో మీ బొమ్మ కింద రాస్తే మీ స్థాయి ఏమాత్రం తగ్గదు.

చివరిగా అసలు విన్నపానికి వస్తాను. బాగా పాతబడిన పటాన్ని కథకులు ఎవరికీ అమ్మేవారు కాదు. దానికి పూజ చేసి, మనిషిని సాగనంపినట్టే సాగనంపి, నదిలో కలిపేవారు, ఆ తర్వాత కొత్త పటం చేయించుకునేవారు. అందువల్లే నకాషీలకు తరాల పాటు పని దొరికింది, కథ కూడా ప్రతిసారీ కొత్త రంగులతో మళ్లీ మొదలయ్యేది. కరువులు వచ్చి, త్యాగం ఇచ్చే ఇళ్లు వలస పోయి, సినిమాలూ టీవీలూ వచ్చాక ఆ చక్రం ఆగిపోయింది. మా వాడలోనే సగం మగ్గాలు ఊడదీసి, మనుషులు సూరతుకూ భీవండికీ వెళ్లిపోయారు. మగ్గానికి ఇంత అని లెక్కగట్టడానికి మగ్గాలే లేవు. ఆ రోజుల్లో ఇల్లు గడవక కొందరు కథకులు నదిలో కలపవలసిన పటాలను కొనేవాళ్లకు ఇచ్చేశారు. ఈనాడు గ్యాలరీల్లో మనం చూసే పాత పటాల్లో కొన్ని అలా వచ్చినవే. ఎవరినీ నిందించడానికి ఈ మాట చెప్పడం లేదు, అలా ఇవ్వకపోతే ఆ పటాలు మనకు కనిపించేవే కావు. అయితే వాటిని తెరిచే ముందు, ఆ కులపు పెద్దలనూ ఆ కథకులనూ పిలిచి, దీన్ని పదిమందికి చూపవచ్చునా, చూపితే ఎలా చూపాలి అని ఒక్కసారి అడగండి.

అంతకంటే ముఖ్యంగా, ఈసారి మీ ప్రదర్శన ఖర్చులో ఒక కొత్త పటానికి చోటు ఇవ్వండి. ఒక పాత పటాన్ని అద్దపు పెట్టెలో పెట్టి దానికి బీమా చేయించడానికీ, దీపాలు అమర్చడానికీ మీరు వెచ్చించే డబ్బును చేర్యాలలో ఒక నకాషీ ఇంటికి పంపండి. పటం ఎవరి కోసమో ముందే నిర్ణయించుకోండి. ఇప్పటికీ కథ నోటికి ఉండి, పటం లేక ఇంట్లో కూర్చున్న కూనపులి బృందమో, డక్కలి బృందమో అయితే మంచిది. పూర్వం చేసినట్టే కథకులు వచ్చి నకాషీ పక్కన కూర్చుని కథ చెప్పాలి, ఆయన గీస్తూ పోవాలి. ఆ గీత మొదలైనప్పటి నుంచి మీ చిత్రకారులు కూడా వెళ్లి చూడవచ్చు, నేర్చుకోవచ్చు, కావాలంటే తమ పనిని దాని పక్కన వేసుకోవచ్చు. ప్రదర్శన రోజుల్లో ఆ పటం మీ దగ్గర విప్పి కథ చెబుతారు. ప్రదర్శన ముగిసిన మర్నాడు అది మీ భాండాగారానికి గానీ, కొనుగోలుదారు ఇంటికి గానీ వెళ్లకుండా ఆ బృందం భుజాన ఊళ్లలోకి వెళ్లాలి. అమ్మకానికి లేదు అని చీటీ మీద ముందే రాయండి.

ఇందులో చిక్కులు ఉన్నాయని తెలుసు. అంత పొడవైన పటానికి కొన్ని నెలల పని పడుతుంది, మీ ప్రదర్శన తేదీలేమో ముందే ఖాయమై ఉంటాయి. విరాళం ఇచ్చే సంస్థలు తమ సొమ్ముకు ఒక వస్తువు మిగలాలని కోరుకుంటాయి. కథ చెప్పేవాళ్లలో చాలామందికి వయసు మీద పడింది, వాళ్ల పిల్లలు వేరే పనుల్లో కుదురుకున్నారు, పటం చేతికి వచ్చినంత మాత్రాన వాళ్లు మళ్లీ ఊరూరా తిరుగుతారని నేను హామీ ఇవ్వలేను. పద్మశాలి సంఘాలు పట్టణాల్లో మార్కండేయ జయంతి నాడు పెద్ద పెద్ద సభలు పెడుతున్నాయి. ఆ సభల్లో ఉపన్యాసాలు కొంచెం తగ్గించి ఒక రాత్రి పటం కథకు ఇవ్వమని మా కులపెద్దలను నేను అడుగుతాను, ఆ పని నాది. మిగతా కులాల సంఘాలు కూడా అడిగితే కాదనవని నా నమ్మకం.

గుడ్డ పూతకు ఎండ కావాలి. మూడు పూతలూ వానాకాలంలో సరిగా ఆరవు, తేమ పట్టిన పటం చుట్టలోనే అంటుకుపోతుంది. కాబట్టి తొలకరి పడకముందే నకాషీతో మాట్లాడి బయానా ఇవ్వడం మంచిది. మీరు చేర్యాలకు ఏ రోజు వెళ్తారో చెబితే జనగామ బస్టాండులో మీ కోసం ఎదురుచూస్తాను. పటానికి కావలసిన నూలుగుడ్డ మాత్రం బజారులో కొనవద్దు. మా వాడలో ఇంకా నడుస్తున్న మగ్గం మీద నేయించి నేనే తెస్తాను.

ఇట్లు,
ఒక విశ్రాంత డ్రాయింగు మాస్టరు,
జనగామ జిల్లా